ఆదివారం తెల్లారి ఐదింటికి: షిఫ్టు డ్యూటీ దంపతుల కేస్ స్టడీ

ఫిబ్రవరి మొదటి వారంలో వాళ్లిద్దరూ దాంపత్య కౌన్సెలింగ్ కోసం నా దగ్గరికి వచ్చారు. ఆయనకి 36 ఏళ్లు, ఆమెకి 33. పెళ్లై ఎనిమిదేళ్లు. పాపకి ఐదేళ్లు, బాబుకి ఇరవై నెలలు. విశాఖలో గాజువాక వైపు ఇల్లు. ఆయన ఒక ఫ్యాక్టరీ కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తారు. ఎ (ఉదయం), బి (మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా), సి (రాత్రంతా) షిఫ్టులు వారం వారం మారుతుంటాయి. ఆమె ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్. ఆయన అమ్మగారు వీళ్లతోనే ఉంటారు. ఇద్దరి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, పేర్లు ఎక్కడా వాడటం లేదు.

ఏం ఇబ్బంది అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపటికి ఆమె అన్నారు: "గొడవలేం లేవు మేడం. అదే భయంగా ఉంది. గొడవ పడటానికి కూడా మా మధ్య మాటల్లేవు."

ఆయన ఏమీ అనకుండా ఫోన్ తీసి, ఇద్దరి వాట్సాప్ నా ముందు పెట్టారు. నెల రోజుల మెసేజ్‌లు. పాల ప్యాకెట్లు, డైపర్లు, స్కూల్ ఆటో డబ్బులు, కరెంటు బిల్లు, "బయల్దేరాను", "సరే". మళ్లీ పాల ప్యాకెట్లు. ఎంత పైకి జరిపినా అంతే.

పిల్లలు పుట్టకముందు ఎలా ఉండేవారని అడిగాను. పెళ్లైన మొదటి ఏడాది డిసెంబర్లో బండి మీద లంబసింగి వెళ్లారట. చలికి చేతులు కొంకర్లు పోయి, దారిలో ఒక టీ కొట్టు పొయ్యి ముందు గంటసేపు కూర్చున్నారట. "ఆయన గ్లౌజులు మర్చిపోయారు" అని ఆమె, "తనే బ్యాగులోంచి తీసేసింది" అని ఆయన. ఆ సెషన్ మొత్తంలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడింది అక్కడే. నా నోట్సులో ఆ మాట పక్కన గీత గీసుకున్నాను.

ముందు చూసుకోవలసినవి

ఇలాంటి కేసుల్లో నేరుగా "కలిసి సమయం గడపండి" అని చెప్పడం ప్రమాదం. ఇద్దరితో విడివిడిగా మాట్లాడాను. చెయ్యి చేసుకోవడం, బెదిరింపులు, తాగుడు, డబ్బు విషయంలో అదుపు లాంటివి ఉన్నాయేమో అడిగాను. లేవు. భయం ఉన్న ఇంట్లో భార్యని భర్తతో ఒంటరిగా కొండ మీదకి పంపే ప్లాన్ ఎవరూ వేయకూడదు. అక్కడ చేయాల్సిన పని వేరు. ఇద్దరికీ పీహెచ్‌క్యూ-9, అంటే డిప్రెషన్ లక్షణాలు చూసే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చాను. ఆమెకి అలసట, నిద్ర ప్రశ్నల్లో మార్కులు ఎక్కువ వచ్చాయి కానీ, డిప్రెషన్ అని డాక్టర్ దగ్గరికి పంపాల్సినంత లేదు. బాబు రాత్రి రెండు మూడుసార్లు లేస్తున్నాడు, ప్రతిసారీ లేచేది ఆమే. ఆ అలసట అక్కడిది.

దాంపత్య తృప్తికి గ్రాహం స్పానియర్ 1976లో తయారు చేసిన 32 ప్రశ్నల డయాడిక్ అడ్జస్ట్‌మెంట్ స్కేల్ వాడాను. నాకు మొత్తం స్కోరు కన్నా విడి జవాబులే ముఖ్యం. "ఇద్దరూ కలిసి నవ్వుకోవడం", "కలిసి ఒక పని మీద కూర్చోవడం" గురించిన ప్రశ్నల్లో ఇద్దరూ దాదాపు అడుగున టిక్కు పెట్టారు. "విడిపోవాలని ఆలోచించారా" అన్నచోట ఇద్దరూ "ఎప్పుడూ లేదు". ఒకరిమీద ఒకరికి విసుగు పుట్టలేదు, ఒకరికొకరు కనబడటం మానేశారంతే.

ఇందులో వింతేమీ లేదు. అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ బృందం కొత్త దంపతుల్ని ఏళ్ల తరబడి గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లులైన భార్యల్లో 67 శాతం మందికి దాంపత్య తృప్తి తగ్గిందని తేలింది. ఈ అంకె వాళ్లకి చెప్పాను. "అంటే మాకే కాదన్నమాట" అని ఆయన కుర్చీలో కాస్త వెనక్కి వాలారు.

నేను వేసిన మొదటి అడుగు తప్పు

రెండో సెషన్‌లో నేను చెప్పిన పని: వారానికొకసారి ఇద్దరే బయటికెళ్లి భోజనం చేసి రండి. చాలామందికి చెప్పే మాటే వీళ్లకీ చెప్పాను. రెండు వారాల తర్వాత ఇద్దరూ ఇంకా అలసిపోయి వచ్చారు.

భోజనానికి వెళ్లిన శనివారం సాయంత్రం ఎలా గడిచిందో నిమిషాల లెక్కన చెప్పమన్నాను. ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను. నాలుగున్నరకి స్కూల్ నుంచి ఇంటికి. బాబుకి పప్పన్నం మెత్తగా కలిపి పెట్టడం. రాత్రికి పాలు మరగబెట్టి ఫ్లాస్కులో పోయడం. అత్తయ్యగారికి రాత్రి అన్నం పడదు కాబట్టి నాలుగు చపాతీలు, ఒక కూర. పాప హోంవర్కు. డైపర్లు, తుడిచే గుడ్డలు, బాబు పడుకునేటప్పుడు పట్టుకునే పాత చీర ముక్క మంచం మీద ఉంచడం. జ్వరం మందు సీసా అత్తయ్యగారికి కనిపించేలా ఫ్రిజ్ మీద పెట్టి, ఎంత పట్టాలో పెన్నుతో గీత గీయడం. ఆ తర్వాత తను స్నానం చేసి చీర మార్చుకోవడం. ఏడున్నర అయింది. ఆయన అందుకున్నారు: "నేను అరగంట నుంచి బండి దగ్గరే నిలబడ్డాను మేడం." ఫిర్యాదుగా అనలేదు, నిజంగానే జరిగింది చెప్పారు.

హోటల్లో ఏం మాట్లాడుకున్నారు? పాప ఫీజు. బాబు టీకా. మధ్యలో రెండుసార్లు ఇంటికి ఫోన్. తిరిగొచ్చాక గిన్నెలు సింకులో ఉన్నాయి, అవి ఆమె తోమారు.

బయటికెళ్లడం ఆయనకి విశ్రాంతి అయితే, ఆమెకి ఇంకో షిఫ్టు అయింది. ఇది రెండో సెషన్‌లోనే నాకు తట్టాల్సింది, తట్టలేదు. చిన్న పిల్లలున్న దంపతులకి "సమయం దొరకడం లేదు" అన్న మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే: బయల్దేరడానికి ముందు పని, తిరిగొచ్చాక పని ఒక్కరి నెత్తిమీదే ఉంటుంది. ఆ ఒక్కరికి ఇంట్లో కూర్చోవడమే సుఖంగా అనిపిస్తుంది. రెండోవారికి "తనకి నాతో రావడం ఇష్టం లేదు" అనిపిస్తుంది. ఈయన కూడా అలాగే అనుకుంటున్నారు.

బయల్దేరే పని

మూడో సెషన్‌లో ఆ శనివారం పనులన్నీ ఒక కాగితం మీద వరసగా రాశాం. పధ్నాలుగు వచ్చాయి. పక్కన ఎవరు చేశారో రాయమని కాగితం ఆయన చేతికే ఇచ్చాను. పదమూడు చోట్ల ఆమె పేరు రాశారు. పధ్నాలుగోది బండి బయటికి తీయడం. పెన్ను టేబుల్ మీద పెట్టేసి చాలాసేపు ఆ కాగితమే చూస్తూ ఉండిపోయారు.

రెండు వారాలు బయటికి వెళ్లడం పూర్తిగా ఆపించాను. బదులుగా ఒకే పని: ఎ షిఫ్టు వారమంతా రాత్రి బాబుని పడుకోబెట్టేది ఆయన. ఇరవై నెలల్లో ఆయన ఒక్కసారి కూడా ఒంటరిగా ఆ పని చేయలేదు.

మొదటి రాత్రి బాబు నలభై నిమిషాలు ఏడ్చాడు. ఆమె వంటింట్లో చేతులు కట్టుకుని కూర్చున్నారు, వెళ్లకూడదని నేను చెప్పాను కాబట్టి. అత్తయ్యగారు మాత్రం తలుపు దగ్గరికి వెళ్లి "ఇటు తేరా, పిల్లాణ్ణి చంపేస్తావా ఏంటి" అన్నారట. మూడో రాత్రి ఆయన బాబుని భుజాన వేసుకుని మేడ మీదకి తీసుకెళ్లారు. అటు ఎయిర్‌పోర్టులో దిగే విమానాల లైట్లు కనిపిస్తాయి. ఒకటి వచ్చింది, ఇంకొకటి వచ్చింది. రెండో విమానానికి బాబు ఏడుపు ఆపాడు. వారం చివరికి "ఇమానం" అని వాడే మేడ మెట్ల వైపు చెయ్యి చూపించడం మొదలైంది. ఆయన ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆమె ఆయన వైపు చూసిన చూపు ఆ గదిలో నేను మొదటిసారి చూశాను.

తర్వాత అత్తయ్యగారిని ఒక సెషన్‌కి రమ్మన్నాను. కలిసి ఉన్న ఇంట్లో ఆవిడని కాదని ఏదీ నిలబడదు. ఆవిడ రాగానే సూటిగా అడిగారు: "పిల్లల్ని వదిలేసి షికార్లేంటమ్మా? మేం తిరిగామా?" తిరగాలని ఉండేదా అని అడిగాను. ఆవిడ కొంగు సర్దుకుని, సింహాచలం గిరి ప్రదక్షిణ గురించి చెప్పారు. మూడుసార్లు చేశారట, మూడుసార్లూ చెల్లెళ్లతోనే. "మీ మావయ్యతో ఒక్కసారైనా నడవాలని ఉండేది. ఆయనకి ఎప్పుడూ డ్యూటీయే" అని కోడలి వైపు తిరిగి అన్నారు. ఆయన పోయి ఆరేళ్లైంది. లేచి వెళ్లిపోయే ముందు ఆవిడే చెప్పారు: "ఆషాఢంలో మీరిద్దరూ వెళ్లండి. పిల్లల్ని నేను చూస్తాను." మేం ఎవ్వరం అడగలేదు. మా ప్లాన్‌కి గమ్యం ఆవిడే పెట్టారు.

ఏం చేయాలి, ఎప్పుడు చేయాలి

ఇక్కడ కొంచెం పరిశోధన మాట. మనస్తత్వవేత్త ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు 1993లో ఒక ప్రయోగం ప్రచురించారు. 53 జంటలు, పది వారాలు. కొన్ని జంటలు వారానికి గంటన్నర చొప్పున తమకి ఉత్సాహం పుట్టించే పనులు కలిసి చేశాయి. కొన్ని జంటలు హాయిగా ఉండే మామూలు పనులు చేశాయి. మిగతావి ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. ఉత్సాహం కలిగించే పనులు చేసినవారిలోనే దాంపత్య తృప్తి ఎక్కువ పెరిగింది. 2000లో ఇంకో ప్రయోగం: జంటని ఒక వైపు మణికట్టు, చీలమండ దగ్గర కలిపి కట్టి, చేతులు వాడకుండా ఒక దిండు మోసుకుంటూ అడ్డం దాటి పాకమన్నారు. ఏడు నిమిషాల ఆట. ఆ కాసేపటికే వాళ్ల జవాబుల్లో తేడా కనిపించింది. హోటల్ భోజనం వీళ్ల విషయంలో ఎందుకు పనిచేయలేదో ఇది సగం చెబుతుంది. మిగతా సగం, అంటే బయల్దేరే పని, ఆ ప్రయోగాల్లో లేదు. అది మన ఇళ్లలో చూసి నేర్చుకోవాల్సిందే.

గంటన్నర అన్న కొలత నాకు నచ్చింది. పిల్లలున్నవాళ్లకి రెండు రోజుల టూర్ కన్నా గంటన్నర చేతికి అందుతుంది.

మొదట ఆయన ఎంచుకున్నది ఆమెకి స్కూటీ నేర్పడం. కొత్తదే, ఉత్సాహమైనదే. రెండో రోజే "బ్రేక్ అంటే బ్రేక్, ఎన్నిసార్లు చెప్పాలి" అని ఆయన గొంతు లేచింది, ఆమె బండి దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చేశారు. అక్కడినుంచి ఒక నియమం పెట్టుకున్నాం: ఇద్దరికీ రానిదే, ఇద్దరూ చూడనిదే చేయాలి. ఒకరు మాస్టారు, ఒకరు స్టూడెంట్ అయ్యే పని వద్దు. సముద్రంలో ఈత కూడా ఆ లెక్కనే కొట్టేశాం. ఆయనకి చిన్నప్పటినుంచే ఈత వచ్చు, ఆమెకి నీళ్లంటే భయం. ఇద్దరూ విశాఖలోనే ఉన్నా నడిచి సింహాచలం కొండ ఎక్కలేదు, కంబాలకొండ అడవిలో అడుగు పెట్టలేదు. ఊళ్లో ఉన్నవాళ్లందరి సంగతీ ఇంతే కదా, చుట్టాలొస్తే ఆర్కే బీచ్, కైలాసగిరి చూపించడంతో సరి.

సమయం కోసం ఇరవై ఒక్క గళ్ల కాగితం గీశాం. ఏడు రోజులు, రోజుకి ఉదయం, సాయంత్రం, రాత్రి. మూడు షిఫ్టులకి మూడు కాగితాలు. ఎ, బి షిఫ్టు వారాల్లో ఇద్దరికీ పనికొచ్చే గడి ఒకటే తేలింది: ఆదివారం తెల్లారి ఐదు నుంచి ఏడు. పిల్లలు లేచేలోపు. అత్తయ్యగారు ఎలాగూ నాలుగున్నరకే లేస్తారు. సి షిఫ్టు వారంలో ఆయన రాత్రంతా మేలుకుని పొద్దున్నే ఇంటికొస్తారు, ఆ మనిషితో బండి నడిపించకూడదు. ఆ వారం శనివారం సాయంత్రం, అది కూడా వీలైతేనే. శనివారం రాత్రి సర్దడం మొత్తం ఆయన పని. నీళ్ల సీసాలు, ఫ్లాస్కులో పాలు, మందు సీసా మీద గీత, అన్నీ. ఆమె చేయాల్సింది అలారం పెట్టుకోవడం ఒక్కటే.

ఇంకో మాట కూడా అనుకున్నాం. ఆ గంటన్నరలో ఇంటి లెక్కలు ఎత్తకూడదు. నోరు జారితే జారినవాళ్లు టీ డబ్బులు ఇవ్వాలి. మొదటి నెలలో టీలన్నీ ఆమే కొన్నారు.

కొండలు, మెట్లు

మొదటిది మార్చి చివర్లో, తొలిపావంచా (కొండ కింద మెట్లు మొదలయ్యే చోటు) నుంచి సింహాచలం మెట్ల దారి. దాదాపు వెయ్యి మెట్లు. మూడొందల మెట్ల దగ్గర ఆయనకి ఆయాసం వచ్చి కూర్చుండిపోయారు. కంట్రోల్ రూమ్ కుర్చీలో పదేళ్లు. రోజంతా క్లాసులో నిలబడే ఆమెకి ఏమీ కాలేదు. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతుంటే ఆమె పక్కన కూర్చుని నీళ్లు పట్టారు. దిగేటప్పుడు కింద సంపెంగలు అమ్మే ఆవిడ దగ్గర ఆయన ఒక పొట్లం కొన్నారు. ఇంటికొచ్చేసరికి బాబు అప్పుడే లేచాడు, పాప ఇంకా నిద్రలోనే ఉంది. ఏమీ కూలిపోలేదు. ఆమెకి ఆ రోజు అన్నిటికన్నా పెద్ద సంగతి అదే అనిపించిందట.

తర్వాత తొట్లకొండ. ఏడున్నరకి ఇంటికొచ్చేలా చూసుకుని కొండ కింద రోడ్డు మీదే బండి ఆపి, నడిచి పైకెక్కారు. 1976లో నేవీవాళ్లు విమానం మీద నుంచి సర్వే చేస్తుండగా ఈ బౌద్ధ స్థలం బయటపడింది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. సోషల్ టీచర్ కాబట్టి ఇదంతా ఆమెకి పుస్తకంలో తెలుసు, కళ్లతో చూడటం అదే మొదలు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర దారి తప్పి అరగంట తిరిగారు. కంబాలకొండ ప్లాన్ రెండుసార్లు వేసుకున్నారు. ఒకసారి పాపకి జ్వరం, ఒకసారి ఆయనకి డబుల్ డ్యూటీ. మూడోసారి వెళ్లారు.

అన్నీ జరగలేదని ఇక్కడ స్పష్టంగా రాయాలి. మార్చి చివరి నుంచి జులై వరకు పదిహేను వారాల్లో తొమ్మిది జరిగాయి, ఆరు పోయాయి. పోయిన వారాన్ని మరుసటి వారంతో కలిపి పెద్దది చేయకూడదని చెప్పాను. బాకీ లెక్క మొదలైతే అది కూడా కరెంటు బిల్లులాగే అవుతుంది.

పడకగది విషయం నేను ఎత్తలేదు, వాళ్లకి ఇష్టమైనప్పుడు చెప్పమన్నాను. మే నెలలో ఆమె విడి సెషన్‌లో చెప్పారు, దగ్గరితనం మెల్లగా తిరిగి వచ్చిందని. ఎందుకు వచ్చిందని అడిగితే, "రాత్రి బాబు లేస్తే ఇప్పుడు ఆయన కూడా లేస్తున్నారు కదా" అన్నారు. కొండల సంగతి ఎత్తనే లేదు.

గిరి ప్రదక్షిణ

ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మధ్యాహ్నం నుంచే జనం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి నడక మొదలుపెడతారు. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, పోర్టు స్టేడియం, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం మీదుగా మళ్లీ సింహాచలం. ఆయన తోటి ఉద్యోగితో షిఫ్టు మార్చుకున్నారు. సాయంత్రం ఐదింటికి అత్తయ్యగారే ఇద్దరికీ బొట్టు పెట్టి పంపించారు.

తర్వాతి సెషన్‌లో ఇద్దరూ పోటీ పడి చెప్పింది ఇది. అప్పుఘర్ దగ్గర సముద్రంలో కాళ్లు తడుపుకున్నారు. దారిపొడవునా ఎవరెవరో మజ్జిగ, పులిహోర చేతుల్లో పెట్టారు. వాన జల్లు పడి రోడ్డు తడిసింది. పోర్టు స్టేడియం దాటాక ఆమె కుడి అరికాల్లో బొబ్బ లేచింది. ఫుట్‌పాత్ మీద కూర్చున్నారు. ఆయన ఆటో ఎక్కుదామన్నారు, ఆమె ససేమిరా అన్నారు. ఇద్దరికీ గట్టిగానే మాటా మాటా అయింది. "ఏళ్ల తర్వాత ఇంటి విషయం కాని దాని మీద పోట్లాడుకున్నాం మేడం" అని ఆమె సంతోషంగా చెప్పారు.

అంతలో ఫోన్. రాత్రి ఒకటిన్నర. బాబు లేచి ఆపకుండా ఏడుస్తున్నాడు. ఆమె లేచి నిలబడి, బొబ్బ మాట మర్చిపోయి, ఆటో కోసం చూడటం మొదలుపెట్టారు. ఆయన ఫోన్ తీసుకుని అమ్మగారితో అన్నారు: "అమ్మా, వాణ్ణి దుప్పటి కప్పి మేడ మీదకి తీసుకెళ్లు. విమానం రాకపోయినా పర్లేదు, అటు చెయ్యి చూపించు." అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పి. అయినా ఎక్కారు. ఇద్దరూ ఫుట్‌పాత్ మీద ఫోన్ మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. పదిహేను నిమిషాలకి మెసేజ్ వచ్చింది. ఆవిడకి టైప్ చేయడం రాదు, వాయిస్ మెసేజ్. గుసగుసగా: "పడుకున్నాడు. నడవండి."

ఆయన చేతిరుమాలు మడిచి ఆమె కాలికి కట్టారు. నాలుగున్నరకి సింహాచలం చేరారు.

ఇప్పటి పరిస్థితి

ఫిబ్రవరి నుంచి జులై వరకు మొత్తం తొమ్మిది సెషన్లు. చివర్లో అదే 32 ప్రశ్నలు మళ్లీ ఇచ్చాను. కలిసి నవ్వుకోవడం, కలిసి పనిచేయడం ప్రశ్నల్లో ఇద్దరి టిక్కులూ బాగా పైకి జరిగాయి. డబ్బు, చుట్టాల ప్రశ్నల్లో పెద్ద మార్పు లేదు. బి షిఫ్టు వారాలు ఇప్పటికీ పొడిపొడిగానే ఉంటాయి, ఆ వారం ఇద్దరూ ఒకరికొకరు సరిగ్గా దొరకరు. దీనికి నా దగ్గర మందు లేదు, రోస్టర్ మారాలి.

ఈ మార్పంతా కొండలెక్కడం వల్లే వచ్చిందని నేను చెప్పను. ఆ ఐదు నెలల్లో బాబు పెద్దవాడయ్యాడు, నిద్ర కుదిరింది, ఆమెకీ నిద్ర దొరికింది. పనుల కాగితం మీద ఇప్పుడు ఎనిమిది ఆమెవి, ఆరు ఆయనవి. ఇవేవీ లేకుండా ఒక్క బయటి షికార్లే పెట్టి ఉంటే, ఆ శనివారం హోటల్లాగే అయ్యేదని నా గట్టి నమ్మకం. కొత్తగా ఇలాంటి కేసు వస్తే నేను ఇప్పుడు మొదటి సెషన్‌లోనే ఆ పధ్నాలుగు పనుల కాగితం ముందు పెడుతున్నాను. ఎక్కడికి వెళ్లాలన్నది ఆ తర్వాతే.

అక్టోబర్లో ఫాలో-అప్‌కి వచ్చారు. పాప తనని కూడా తీసుకెళ్లమని గొడవ చేస్తోందట. నెలకి ఒక ఆదివారం నలుగురూ, మిగతావి ఇద్దరే అని వాళ్లే నిర్ణయించుకున్నారు. బొర్రా గుహలకి రైల్లో వెళ్లాలని పాప కోరిక, సొరంగాలు లెక్కపెడుతుందట. అత్తయ్యగారు కూడా వస్తానన్నారట.

తర్వాతి ఫాలో-అప్‌కి ఆదివారం పొద్దున ఖాళీ ఉంది, రమ్మన్నాను. ఆమె డైరీ తెరిచి చూసి, "ఆదివారం కుదరదు మేడం, మంగళవారం ఇవ్వండి" అన్నారు.